బాగుపడి కొంప ముంచిన కంప్యూటర్

మీ ఇంట్లో కంప్యూటర్ వేగంగా పనిచేస్తోందా? అయ్యో పాపం! అయితే మీ కాపురం మీద నాకు గట్టి అనుమానమే!

నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను. మొన్నమొన్నటిదాకా మా ఇంట్లో మహా గొప్ప డెస్క్‌టాప్ ఉండేది. పొద్దున్నే బటన్ నొక్కి, గడ్డం గీసుకుని, స్నానం చేసి, కుండీలకు నీళ్లు పోసి వచ్చేసరికి తెర మీద చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. ఎవరినైనా ఇమెయిల్‌లో కడిగేద్దామని కూర్చుంటే, అది తెరుచుకునేలోగా కోపం చల్లారి, అవతలివాణ్ణి క్షమించేసి, ఆకలేసి లేచిపోయేవాణ్ణి. ఇంత శాంతిని ఏ యోగా మాస్టారు ఇవ్వగలడు? నిదానమే ప్రధానమన్నారు పెద్దలు. ఆ మాట విన్నది మా డెస్క్‌టాప్ ఒక్కటే!

అలాగని వైద్యం చేయించలేదనుకునేరు! పక్కింటాయన "ఆపి మళ్లీ ఆన్ చెయ్యండి సార్" అన్నాడు. ఆపడానికే ఒక పూట పట్టింది. ఆఫీసులో ఒకాయన "లోపల దుమ్ము పట్టుంటుంది" అంటే మూత విప్పి గట్టిగా ఊదాను. దుమ్మంతా నా కళ్లల్లో పడింది, కంప్యూటర్‌కు చీమ కుట్టినట్టయినా లేదు. ఇక ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ మంచినీళ్లు తాగేలోగా ఒక 'స్పీడ్ పెంచే సాఫ్ట్‌వేర్' ఎక్కించి, "ఫ్రీయే, వాడుకోండి" అని వెళ్లేవాడు. ఎక్కించిన ప్రతిసారీ అది ఇంకాస్త నెమ్మదించేది.

అసలు వరం ఏమిటో ఇప్పుడు చెబుతాను. మా ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ ప్రశ్నపత్రాలకూ, పత్రికకు నేను రాసే కాలమ్‌కూ ఆ డెస్క్‌టాపే దిక్కు. ఇద్దరం చెరో కాఫీ పట్టుకుని ఆ చక్రం ముందు కూర్చునేవాళ్లం. చక్రాన్ని ఎంతసేపని చూస్తాం? మాట్లాడుకునేవాళ్లం! కొత్త హెడ్‌మిస్ట్రెస్ తనను పిల్లల ముందే ఎలా కసిరిందో, ఉద్యోగం మీద తన మనసెలా విరిగిపోయిందో, అంతా విడతలు విడతలుగా అక్కడే విన్నాను. ఒకరోజు "మానేద్దామనిపిస్తోందండీ, మీరేమంటారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా కంప్యూటర్ తెరుచుకుంది. "రేపు చెబుతాలే" అన్నాను.

ఆ రేపే మా బావమరిది ఊడిపడ్డాడు. కంప్యూటర్ల సంగతి కాస్త నిజంగా తెలిసినవాడు. "బావా, ఇందులో తొమ్మిది స్పీడ్ సాఫ్ట్‌వేర్లున్నాయి! ఒకదాన్ని చూసి ఇంకోటి దొంగనుకుని రోజంతా కాపలా కాస్తున్నాయి. ఇంకిది కదిలేదెప్పుడు?" అన్నాడు. పదిమందిలో పాము చావదంటే ఇదే కాబోలు! అన్నీ పీకేశాడు. బటన్ మీంచి వేలు తీసేలోగా తెర వెలిగింది. మొగుడూ పెళ్లాం చప్పట్లు కొట్టాం. చేతులారా కొట్టాం!

అప్పటినుంచి ఆవిడ వస్తుంది, టైప్ చేసుకుంటుంది, లేచి వెళ్తుంది. నేను కూర్చుంటే కాఫీ బల్ల మీద పెట్టి "పని చూసుకోండి" అంటుంది. నేను రెండు కాలమ్‌లు గడువుకు ముందే పంపించాను. ఎడిటర్‌గారు కంగారుపడి, ఒంట్లో బాగానే ఉందా అని ఫోన్ చేశారు.

నిన్న బావమరిది కూడా ఫోన్ చేశాడు, కంప్యూటర్ ఎలా ఉందని. "గుర్రంలా పరిగెడుతోందిరా" అన్నాను.

"సరేగానీ బావా, అక్క రాజీనామా ఇచ్చేసిందటగా! నెలాఖరు దాకే వెళ్తుందట. పాపం, ఫోన్లో ఒకటే ఏడుపు."

ఫోన్ పెట్టేశాను. పక్కగదిలోకి వెళ్లి "నాకొక్క మాటైనా చెప్పాలనిపించలేదా?" అన్నాను, కాస్త గట్టిగానే. ఆవిడ దిద్దుతున్న పేపర్లోంచి తలెత్తలేదు.

"రేపు చెబుతానన్నది మీరు. చూశాను, చూశాను. ఇంకెప్పుడు అడగమంటారు? కంప్యూటర్ బాగైపోయిందిగా!"

కాబట్టి పాఠక మహాశయులారా, మీ ఇళ్లల్లో స్పీడ్ పెంచే సాఫ్ట్‌వేర్లు ఏమైనా పడుంటే దయచేసి నాకు పంపించండి. తొమ్మిదికి ఒక్కటి తగ్గినా ఒప్పుకోను!

అవి వచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేదు. అందుకే ఈ కాలమ్ చేత్తో రాస్తున్నాను. పొద్దున్నే ప్లగ్ పీకేసి, రెండు కాఫీలు కలిపి, నల్లటి తెర ముందు కూర్చుని ఆవిణ్ణి కేకేశాను.

"ఏమైంది దీనికి?" అంటూ వచ్చింది.

"ఏమో, ఎంతకీ తెరుచుకోవట్లేదు."

ఆవిడ కింద పడున్న ప్లగ్గు వంక చూసింది. నా వంక చూసింది.

"అయితే చాలాసేపు పడుతుందన్నమాట" అంటూ కుర్చీ లాక్కుంది.