ఇంజెక్టర్లు మార్చకండి, నా మాట వినండి

అయ్యలారా, అమ్మలారా! మీ పాత పికప్పు బండి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చలిజ్వరం వచ్చినట్టు గజగజ వణుకుతోందా? స్టీరింగు చేతిలో నిలవడం లేదా? సైడు అద్దంలో వెనక వస్తున్న లారీ ఒకటికి మూడుగా కనబడుతోందా? అయితే మీరు అదృష్టవంతులు. షెడ్డు ఛాయలకు కూడా పోకండి. దండం పెట్టి చెబుతున్నాను, ఇంజెక్టర్లు మార్చకండి!

ఈ మాట చెప్పడానికి నాకేం అర్హత ఉందంటారా? ఉంది. మార్పించి, అనుభవిస్తున్నవాణ్ణి.

నాది అద్దాల షాపు. కిటికీలకూ బీరువాలకూ అద్దాలు కోసి, పికప్పులో నిలబెట్టి, తాడు బిగించి ఇళ్ళకు చేరుస్తాను. అద్దాలవాడికి వణికే బండి ఏమిటండీ అని నవ్వినవాళ్ళున్నారు. తెలివితక్కువవాళ్ళు! నా బండిలో పగలకుండా గమ్యం చేరిన అద్దం ఇక జన్మలో పగలదు. ఏ కంపెనీవాడు చేస్తాడు అంత టెస్టింగు? చేరని అద్దాల సంగతి ఇప్పుడెందుకు లెండి.

ఆరోగ్యం మాటకొస్తే, అలాంటి బండి నడిపేవాడికి వ్యాయామంతో పనిలేదు. కూర్చున్నచోటే ఒళ్ళంతా కదులుతుంది. తిన్నది సిగ్నల్ దాటేలోపు అరుగుతుంది. నిద్ర ముంచుకొచ్చే ప్రశ్నే లేదు. లిఫ్టు అడిగినవాడు జన్మలో రెండోసారి అడగడు. ఇక బండి నడుపుతుండగా ఫోనులో నా వణుకు గొంతు విన్న కస్టమర్లు, అద్దం ఇంకా రాలేదేమని దులపడానికి చేసినవాళ్ళు కూడా, ఒంట్లో బాలేదా అయితే రేపు మాట్లాడదాం అని జాలిపడి పెట్టేసేవారు. ఇంత మానవత్వం మీ కొత్త బండ్లు ఏనాడైనా పుట్టించాయా?

అన్నిటికన్నా గొప్పది, బండి వల్ల మా ఇంట్లో నెలకొన్న క్రమశిక్షణ. ఇది జాగ్రత్తగా చదవండి.

బండి మా వీధి మలుపులో ఆగేసరికి మా కిటికీ రెక్కలు టకటకలాడేవి. వంటింట్లో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకునేవి. నేను నెమ్మదిగా ఇంటిముందుకు తెచ్చి, తాడు విప్పి, మిగిలిన అద్దాలు దింపి లోపలికి అడుగుపెట్టేసరికి చూడాలి ఆ ఇల్లు! మా అమ్మాయి పుస్తకం ముందు. మా అత్తగారి టీవీ గుసగుసగా. ఉద్యోగం వెతుక్కోవడానికని వచ్చి ఇప్పటికీ వెతుకుతున్న మా బావమరిది చేతిలో చీపురు. మా ఆవిడ మొహంలో ఒక ప్రశాంతత. నా పడక్కుర్చీ నాకోసం ఖాళీగా, పైగా వెచ్చగా ఉండేది. ఎండ పడుతుంది కాబోలు అనుకునేవాణ్ణి. ఆ మూలకు ఎండ రాదని ఈమధ్యే గమనించాను.

ఇందుకోసం నేను ఎవరినైనా తిట్టానా, కొట్టానా? ఆ లైటు ఎవరికోసం వెలుగుతోంది, ఫ్యాను గోడలకు విసురుతోందా, చెప్పులు దారికి అడ్డంగా ఎవరు విడిచారు, ఇవాళ ఏం సాధించారు అందరూ కలిసి... గుమ్మంలో ఇలా నాలుగు ముక్కలు అంటానంతే. దానికే ఇల్లు అంత పద్ధతిగా ఉండేది.

అలాంటి పచ్చని సంసారంలో ఇంజెక్టర్లు చిచ్చుపెట్టాయి.

ఒక పళ్ళ డాక్టరుగారింటికి నిలువుటద్దం తీసుకెళ్ళాను. గేటు ముందు ఇంజను ఆపకుండానే తాళ్ళు విప్పుతున్నాను. బండి ఊగింది, అద్దం టప్పుమంది. డాక్టరమ్మ వచ్చి చూసుకుంటే ఆవిడ మొహం రెండు ముక్కలు. ఎడమ ముక్క కోపంగా ఉంది, కుడి ముక్క మరీ కోపంగా ఉంది. షాపులో ఆర్డర్లు చూసేది మా ఆవిడే. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు. తిరిగొచ్చాక గాజుపెంకులు ఊడుస్తూ, "ఇకమీదట ముక్కలుగానే అమ్ముదామా? మీకు కోసే పని తప్పుతుంది" అంది. మర్నాడు బండి షెడ్డులో ఉంది.

మెకానిక్కు బానెట్ ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకు, రెండో కొస చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత ఇంజనులోకి డీజిలు చిమ్మే ఇంజెక్టర్ల వైర్లు ఒక్కొక్కటే పీకడం మొదలెట్టాడు. పీకగానే ఇంజను ఇంకా మూలిగితే ఆ ఇంజెక్టరు పనిచేస్తున్నట్టు. పీకినా ఏ తేడా లేకపోతే అది చచ్చినట్టు. అబ్బ, ఎంత చక్కటి పద్ధతి! ఇంట్లో ఎవరు పనిచేస్తున్నారో కూడా ఇలాగే తేల్చవచ్చు కదా అనిపించింది. పక్కనే బావమరిది ఉన్నాడు కనక పైకి అనలేదు.

ఒకటి పూర్తిగా పోయిందనీ, తక్కినవి అదే బాటలో ఉన్నాయనీ, సెట్టంతా మార్చాలనీ తేల్చాడు. పోయినదొక్కటే మార్చమని నేను చాలాసేపు వాదించాను. వినలేదు. మా ఆవిడ ముందే ఫోన్ చేసి చెప్పేసిందట.

కొత్తవి బిగించాక లోపల కూర్చున్నాడు. ఊఁ, స్టార్ట్ చెయ్యి అన్నాను.

"చేశాను సార్" అన్నాడు.

బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. నిజమే, నడుస్తోంది. ఆ క్షణాన నా గుండె జారిపోయింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఆ సాయంత్రమే తెలిసింది. చడీచప్పుడూ లేకుండా వచ్చి ఇంటిముందు ఆపి, లోపలికి నడిచాను. టీవీ పెద్ద గొంతుతో పాడుతోంది. అమ్మాయి కాళ్ళు గోడకు ఆనించి, తల సోఫాలోంచి కిందికి వేలాడేసి ఫోన్ చూస్తోంది. నా కుర్చీలో బావమరిది. ఊరికే కూర్చోలేదు. లేని స్టీరింగు పట్టుకుని, బుగ్గలు అదురుతుంటే, ఒళ్ళంతా దడదడలాడిస్తూ, "ఆ లై-లై-లైటు ఎ-ఎవరికోసం వె-వెలుగుతోంది" అంటున్నాడు. న్యాయంగా చెప్పాలంటే బాగానే చేస్తున్నాడు. మా ఆవిడ కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఆవిడకు అంత నవ్వుందని నాకు తెలియదు.

నన్ను చూశారు. ఎవరో ప్లగ్గు పీకినట్టు అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

"ఎప్పుడొచ్చారు?" అంది మా ఆవిడ.

ఇక ఆనాటినుంచి మా ఇల్లు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది! నేనెప్పుడు ఊడిపడతానో తెలియదు కనక టీవీ పొద్దస్తమానం గుసగుసే. అత్తగారు కిటికీ దగ్గరే కూర్చుని కాపలా. బావమరిది ఊడ్చిన చోటే ఊడుస్తున్నాడు. నా కుర్చీ చల్లగా ఉంటోంది. అమ్మాయి పుస్తకం పేజీ తిప్పినా చప్పుడు కాకుండా తిప్పుతోంది. ఇంతటి క్రమశిక్షణ సైన్యంలో ఉంటుందా? మరి నాకెందుకు అన్నం సయించడం లేదు?

ఒకరోజు అమ్మాయిని బండిలో దింపడానికి వెళ్తున్నాను. అది కిటికీలోంచి బయటికి చూస్తూ నెమ్మదిగా అంది. "నాన్నా, బండి బాగయినప్పట్నించీ, నువ్వు ఇంట్లో లేకపోయినా ఉన్నట్టే ఉంటోంది."

ఆహా! ఏ తండ్రికైనా ఇంతకన్నా ఏం కావాలి? ఛాతీ ఉబ్బిపోయింది. మురిసిపోతూ దానివైపు తిరిగి చూశాను. అది నవ్వడం లేదు.

దాన్ని దింపేసి తిన్నగా షెడ్డుకు పోయి, బండికి మళ్ళీ వణుకు తెప్పించమని అడిగాను. ఎక్కువ అక్కర్లేదు, మా వీధి మలుపునుంచి ఇంటిదాకా చాలు. లారీ కింద పడుకుని ఉన్న మెకానిక్కు తల బయటపెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "సార్, బండికి హారన్ అని ఒకటి ఉంటుంది" అని మళ్ళీ లోపలికి దూరాడు.

కాబట్టి ఇప్పుడు మలుపులో హారన్ కొడుతున్నాను. బాగా పొడుగ్గా, తీరిగ్గా కొడుతున్నాను. వీధివాళ్ళు తిడుతున్నారు, తిట్టనివ్వండి. కుర్చీ మళ్ళీ వెచ్చబడింది. టీవీకి గొంతు వచ్చింది. సమస్య తీరిందనుకున్నాను. కాని ఇంజెక్టర్ల పగ అంత తేలిగ్గా తీరుతుందా?

మొన్న మలుపులో ఆగి హారన్ మీద చెయ్యి వేశాను. ఇంజను చప్పుడు లేదు కదా, మా ఇంట్లో నవ్వులు వినబడ్డాయి. బండి వణికే రోజుల్లో ఒక్కనాడూ వినబడలేదు. ఏది ఎవరిదో పోల్చుకోగలిగాను. అత్తగారిది దగ్గులా వస్తుంది. మా ఆవిడది ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలవుతుంది. హారన్ కొడితే అది ఆగిపోతుంది. అంతవరకు నాకు తెలుసు.

చెయ్యి తీసేశాను. బండి వెనక్కి తిప్పి ఆ చుట్టుపక్కల వీధులన్నీ తిరిగి వచ్చాను. ఇంకా నవ్వుతున్నారు. మళ్ళీ తిరిగాను. నిన్నా అంతే, ఇవాళా అంతే. షాపునుంచి ఇల్లు కూతవేటు దూరం, ఆ కాస్త దూరానికి డీజిలు ట్యాంకులకు ట్యాంకులు తాగుతోంది!

కొత్త ఇంజెక్టర్లు వేస్తే మైలేజీ పెరుగుతుందని ఎవరండీ చెప్పింది?