ఆరని ఎర్ర లైటు

మామగారి రైలు వచ్చేలోగా కారు కడిగి స్టేషనుకు తీసుకువెళ్లాలన్నది చిన్నల్లుడు ఆ ఉదయం వేసుకున్న పథకం. మామగారు డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలు పెట్టి పెట్టి రిటైరయ్యారు. ఎవరెలా నడిపినా "ఇంకోసారి రండి" అని పంపేసేవారు గనక ఊరంతా ఆయన్ను 'ఇంకోసారి గారు' అనేది. చిన్నల్లుణ్ణి మూడుసార్లు తప్పించి, నాలుగోసారి పాస్ చేసి, ఆ తర్వాతే పిల్లనిచ్చారు. పెద్దల్లుడు మొదటిసారే పాసయ్యాడు.

అత్తగారితో కలిసి పెద్దకూతురింటికి వెళ్తూ ఆయన తన కారు తాళాలు చిన్నల్లుడి చేతిలో పెట్టారు. "వచ్చాక చూస్తాను. ఇచ్చినట్టే ఉంటే బండి నీకే. లేదంటే పెద్దవాడికి." అప్పటినుంచి చిన్నల్లుడు ఆ కారు నడిపిన దానికంటే తుడిచిందే ఎక్కువ.

ఆ రోజు తుడుస్తుంటే బ్రేకు పెడల్ కింద ఒక గుండీ దొరికింది. వెనక కాడ ఉన్న నల్ల గుండీ. "నీదేనా?" అని భార్యకిచ్చాడు.

"నాది కాదు. కానీ దీన్ని ఎక్కడో చూశానండీ," అని ఆమె దాన్ని వేళ్ల మధ్య తిప్పుకుంటూ లోపలికి వెళ్లింది.

అంతలో మేడమీద అద్దెకుండే లెక్కల మాస్టారు పైనుంచి తొంగిచూశారు. "ఏమండోయ్, ఎంతసేపని ఆ బ్రేకు తొక్కిపెడతారు?"

చిన్నల్లుడు అప్పుడు కారు బయట బకెట్టు పట్టుకుని ఉన్నాడు. వెనక్కి వెళ్లి చూశాడు. రెండు బ్రేకు లైట్లూ వెలుగుతున్నాయి. తాళం చూస్తే జేబులో ఉంది. కడిగేటప్పుడు నీళ్లు దూరాయనుకుని భార్య హెయిర్ డ్రయ్యర్ తెచ్చి పట్టాడు. అద్దాలు ఆరాయి, లైట్లు ఆరలేదు.

"ఫ్యూజు పీకెయ్యండి," అన్నారు మాస్టారు మెట్లు దిగుతూ. "కరెంటే రాకపోతే ఎలా వెలుగుతుంది?"

పీకితే ఆరాయి. చిన్నల్లుడు ఊపిరి పీల్చుకుని ఇంజను స్టార్ట్ చేశాడు. అది ఆటోమేటిక్ బండి, బ్రేకు తొక్కితేనే గేరు పడుతుంది. గేరు కడ్డీ కదలలేదు. కాలి బలమంతా బ్రేకు మీద పెట్టి లాగినా రాలేదు.

"గేరుబాక్సు పోయినట్టుంది," అన్నారు మాస్టారు.

"మీరు లైటు బాగవుతుందన్నారు కదండీ!"

"లైటు బాగయింది. ఇది వేరే."

ఫ్యూజు మళ్లీ గుచ్చితే గేరు పడింది, లైట్లూ వెలిగాయి. వెలిగితే కదులుతుంది, ఆరితే కదలదు. రైలు టైమయింది. చిన్నల్లుడు వెలిగించుకునే బయల్దేరాడు.

వెనక వచ్చిన ప్రతి బండీ అతన్ని చూసి బ్రేకు వేసింది. ఒక లారీ డ్రైవరు పక్కకొచ్చి తల బయటపెట్టాడు. "ఆగుతావా, పోతావా? ఏదో ఒకటి తేల్చు తండ్రీ." చిన్నల్లుడు దణ్ణం పెట్టాడు.

స్టేషను దగ్గర కారు వెనక భాగం గోడకు ఆనించి ఆపాడు. అత్తగారూ మామగారూ పెట్టెలతో వచ్చారు.

"పెట్టెలు వెనక సీట్లో పెడదాం మామయ్యగారూ."

"డిక్కీ ఉండగా సీటెందుకు? బండి ముందుకు తియ్యి."

తీశాడు. అదే సమయానికి ఫోను మోగి అత్తగారు పక్కకు వెళ్లారు. మామగారు కారు వెనక్కి నడిచి, వంగి చూసి, అలాగే ఉండిపోయారు. కారు దిగి పక్కన నిలబడ్డ చిన్నల్లుడు పెద్దల్లుడి ముఖం తలుచుకుని, 'ఇంకోసారి' అన్న మాట కోసం ఎదురుచూశాడు.

మామగారు ముందు భార్య ఎంత దూరంలో ఉందో చూశారు. తర్వాత గొంతు తగ్గించారు. "అల్లుడూ, పెడల్ దగ్గర గుండీ ఏమన్నా పడిందా?"

"పడింది."

"అనుకున్నాను. ఆ పెడల్‌కి ఒక ప్లాస్టిక్ బిళ్ల ఉండేది. అది విరిగితే ఆ చిల్లులోంచి స్విచ్చు బయటికొచ్చి లైటు ఆరడం మానేసింది. మెకానిక్ దగ్గరికి పోతే, ఇంకోసారి గారికే బండి చేతకాలేదంటారు. అప్పుడు వెనక సీట్లో మీ అత్తయ్య కోటు ఉంది. ఆవిడ తమ్ముడు పెట్టింది. దాని గుండీ ఒకటి తెంపి పెడితే చిల్లుకి అతికినట్టు సరిపోయింది."

"అత్తయ్యగారు అడగలేదా?"

"లాండ్రీవాడు పోగొట్టాడని ఇన్నేళ్లుగా వాణ్ణి తిడుతోంది. నేనూ వెళ్లి తిట్టొచ్చాను." ఆయన పెట్టె మీద కూర్చున్నారు. "రోడ్డు మీద దొరికిందని చెప్పు. బండి నీదే."

"గుండీ మీ అమ్మాయి దగ్గరుంది మామయ్యగారూ."

"చూసి ఏమంది?"

"ఎక్కడో చూశానంది."

మామగారు లేచారు. పెట్టెలు అక్కడే వదిలి ముందు సీట్లో కూర్చున్నారు. "ఎక్కు. బండి తియ్యి."

"మరి అత్తయ్యగారు?"

"ముందు తియ్యి. తొందరగా." పరీక్షల్లో ఎప్పుడూ 'నెమ్మది, నెమ్మది' అన్న మనిషి.

చిన్నల్లుడు ఎక్కి గేరు వేసి కదిలాడో లేదో అత్తగారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని కారుకు ఎదురుగా వచ్చి నిలబడ్డారు. "ఆఁ, మీ నాన్న ఇక్కడే ఉన్నారమ్మా," అంటున్నారు. "నువ్వు ఫోను పెట్టెయ్."

చిన్నల్లుడు ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. పొద్దుటినుంచి వెలుగుతున్న ఆ లైట్లు నిజం చెప్పింది అప్పుడొక్కసారే.