నాలుగు వందల పన్నెండు సవరణలు

అరిగిపోయిన సబ్బుముక్కను కొత్త సబ్బుకి ఎవరు అంటించారన్న దాని మీద ఆ ఉదయం ఆరోగ్యశాఖ జాయింట్ డైరెక్టరుగారింట్లో విచారణ నడుస్తోంది.

"నేనే అంటించా. పారేస్తామా ఏంటి?" అంది ఆయన భార్య.

"నాకొక మాట చెప్పాలా వద్దా?"

"సబ్బుకి కూడా ఫైలు పెట్టమంటారా?"

ఇంతలో టీవీలో మంత్రిగారు ప్రత్యక్షమయ్యారు. "ప్రపంచమంతా ఓపెన్ సోర్సు మీద నడుస్తోంది. మన ఆరోగ్యశాఖ దానికి ఇచ్చిందేమిటి? శుక్రవారంలోగా ప్రతి ఉద్యోగీ తలా ఒక సవరణ ఇచ్చి తీరాలి!"

ఆ దూరదృష్టికి జాయింట్ డైరెక్టరుగారికి ఒళ్లు పులకరించింది. "ఇంతకీ ఓపెన్ సోర్సంటే ఏమిటి?" అన్నారు.

"మన అమ్మాయి మూడేళ్లుగా చేస్తున్నదేనండీ," అంది ఆవిడ. పిల్లల బరువు చెబితే ఎంత మందు వెయ్యాలో లెక్కకట్టే ప్రోగ్రాం అది. ఆస్పత్రులు ఉచితంగా వాడుకుంటాయి. అందులో రాసిందంతా ఎవరైనా చూడొచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపొచ్చు. అమ్మాయి పరీక్షించి కలుపుతుంది.

"ఇంట్లోనే పెట్టుకుని ఎక్కడెక్కడో వెతకడమెందుకు!" అన్నారాయన.

శుక్రవారానికి అమ్మాయి ప్రోగ్రాం మీద నాలుగు వందల పన్నెండు సవరణలు వచ్చిపడ్డాయి. ఒక గుమస్తా ఫుల్‌స్టాపు తీసేశాడు. పక్క సీటాయన దాన్ని మళ్లీ పెట్టాడు. ఇద్దరివీ రెండు సవరణలు. సూపరింటెండెంటు ప్రతి పేజీలోనూ 'మంత్రిగారి ప్రోత్సాహంతో' అని చేర్చాడు. జాయింట్ డైరెక్టరుగారి కామా మాత్రం ఐదుగురి పొట్టి సంతకాలతో, 'తగు చర్య నిమిత్తం' వచ్చింది.

అమ్మాయి రెండు రోజులు కంప్యూటరు ముందు నుంచి లేవలేదు. వాళ్లమ్మే కాఫీ కలిపి అక్కడికే తీసుకెళ్లింది.

"నాన్నా, మీవాళ్ల చెత్త కింద ఒక నర్సు పంపిన సవరణ పడిపోయింది. పది కిలోల లోపు పిల్లలకి మన లెక్క మందు రెట్టింపు చూపిస్తోందట. ఆవిడ చెప్పింది నిజమే!"

"ఆవిడ మన శాఖేనా?"

"కాదు. ప్రైవేటు నర్సింగ్‌హోమ్."

"అయితే మన లెక్కలోకి రాదు."

అమ్మాయి నర్సు సవరణ కలిపింది. నాలుగు వందల పన్నెండూ తిప్పికొట్టింది.

"మీదీనా?" అంది ఆయన భార్య నవ్వాపుకుంటూ.

"కన్నతండ్రి కామా!" అన్నారాయన. ఆయన ప్రమోషను ఆ కామా మీదే ఉంది మరి.

ఆ పై ఆదివారం మధ్యాహ్నం ఆయన ఈల వేస్తూ భోజనానికి కూర్చున్నారు.

"ఆ ప్రోగ్రాం కాపీ ఎవరైనా తీసుకుని సొంతంగా నడుపుకోవచ్చటగా?"

"ఎవరైనా, నాన్నా."

"తీసుకున్నాం. మా సవరణలన్నీ కలిపేశాం, మంత్రిగారి ఫొటో పెట్టేశాం. రేపట్నుంచి ఆస్పత్రులన్నీ మాదే వాడాలని ఆర్డరు. నేనే దానికి అధిపతిని."

అమ్మాయి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నర్సు దిద్దింది ఉంచారా?"

"బయటివాళ్లదిగా, తీసేశాం. మూడు ప్రతుల్లో దరఖాస్తు పెట్టుకోమని ఆవిడకి రాశాం. కమిటీ వేశాం, ఆర్నెల్లలో రిపోర్టు."

"ఈలోగా ఆ పసివాళ్ల సంగతేమిటండీ?" అంది ఆవిడ, గరిటె పట్టుకుని నిలబడి.

"అంత ఆలోచన లేకుండా చేస్తామా?" అన్నారు జాయింట్ డైరెక్టరుగారు. "రిపోర్టు వచ్చేదాకా పది కిలోల లోపు వాళ్లని ఏ ఆస్పత్రిలోనూ చేర్చుకోవద్దని నిర్ణయించాం."