ఔట్‌బాక్స్ చేసిన మేలు

మీ ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిందా? వచ్చిన మర్నాటి నుంచే మీ మెయిళ్లు బయటికి పోవడం మానేశాయా? అయితే మీరు అదృష్టవంతులు! దిగులు పడకండి. సహాయ కేంద్రానికి ఫోన్ చేయకండి. కుర్చీలో వెనక్కి వాలి హాయిగా కళ్లు మూసుకోండి.

వెటకారం అనుకుంటున్నారు కదూ? కానే కాదు. అనుభవం మీద చెబుతున్నాను.

నిదానంగా ఆలోచించండి. మెయిళ్లు రావడం ఆగిపోతే ఇబ్బంది మీకు. పోవడం ఆగిపోతే ఇబ్బంది అవతలివాళ్లకు. మీకేం పోయింది? ప్రపంచం చెప్పేదంతా మీకు చేరుతుంది. మీరు మాత్రం ఎవరికీ సమాధానం చెప్పనక్కర్లేదు. పెద్ద పెద్ద ఆఫీసర్లు ముప్పై ఏళ్లు సర్వీసు చేసి సంపాదించుకునే ఈ హోదా మీకు ఒక్క కనెక్షన్ మార్చినందుకే దక్కింది!

నాకొక కవి మిత్రుడున్నాడు. ఇరవై రెండు కవితలు ఒకేసారి జతచేసి పంపి, నిర్మొహమాటంగా చెప్పమని అడిగాడు. నిర్మొహమాటంగానే చెప్పాను. అది పోలేదు. మా స్నేహం నిలబడింది. మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి నీళ్ల ట్యాంకు గురించి నాకు నీతులు రాశాడు. ఒంటికాలి మీద లేచి మూడు పేజీల జవాబు కొట్టాను. అదీ పోలేదు. మర్నాడు లిఫ్టులో ఎదురై ఎంత ఆప్యాయంగా పలకరించాడో! ఇక మా బావమరిది. దీన్ని పదిమందికి పంపకపోతే మీకు కీడు జరుగుతుంది అని బెదిరించే మెయిళ్లు వారానికి నాలుగు పంపుతాడు. పంపుదామనే చూశాను. పోలేదు. మరి కీడు జరిగిందా అంటారేమో, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇంతకీ ఈ భాగ్యం నాకెలా పట్టిందో చెప్పాలి.

డయలప్ రోజుల్లో మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. రాయవలసిన ఉత్తరాలన్నీ పగలు తీరిగ్గా రాసి ఔట్‌బాక్స్‌లో పోగేసేవాణ్ని. సాయంత్రం ఏడింటికి మా ఆవిడ ఫోన్ దగ్గరి నుంచి లేచాక, ఆ లైనుకు మోడెమ్ తగిలించి ఒకేసారి అన్నీ పంపేవాణ్ని. మోడెమ్ కుయ్యో మొర్రో అని అరిచేది. తెర మీద ఒక చిన్న డబ్బా ఊడిపడి ఇంగ్లిష్‌లో ఏదో మొరపెట్టుకునేది. ఓకే నొక్కేవాణ్ని. ఇంకొకటి వచ్చేది. మళ్లీ ఓకే. నాలుగైదు ఓకేల తర్వాత ఉత్తరాలు కదిలేవి. ఆ డబ్బాల్లో ఏం రాసుందో ఏడేళ్లలో ఒక్కసారి కూడా చదివిన పాపాన పోలేదు. చదువుతూ కూర్చుంటే లైన్ తెగిపోయేది మరి!

ఆ నెల ఏడో తారీఖున బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. కంపెనీ మారింది కానీ, పాత కంపెనీ ఇచ్చిన మెయిల్ చిరునామా అలాగే ఉంచుకున్నాను. ఊళ్లో సగం మంది దగ్గర ఉన్నది అదే. ఇక కనెక్షన్ రోజంతా ఉంటుందని మెకానిక్ చెప్పి వెళ్లాడు. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? సాయంత్రం ఏడింటికి కూర్చున్నాను. పంపు అన్నాను. డబ్బా వచ్చింది. ఓకే అన్నాను. అంతే. అలా వారం రోజుల పాటు క్రమం తప్పకుండా ఓకే అంటూనే ఉన్నాను.

తొమ్మిదో తారీఖున మా అక్క నుంచి మెయిల్ వచ్చింది.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. యాభై ఎనిమిదేళ్లు. నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్లో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతుంది. బావ పోయి ఇరవై ఏళ్లయింది. అప్పటి నుంచీ ఒక్కతే. వినికిడి పూర్తిగా తగ్గిపోవడంతో ఫోన్ మానేసి, ఎవరి సాయం లేకుండా మెయిల్ నేర్చుకుంది. ఆ ఉత్తరం ఇలా ఉంది.

"తమ్ముడూ, నేను మళ్లీ పెళ్లి చేసుకుంటున్నాను. ఆయన లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యారు. ఒకే ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి నాలుగుసార్లు వచ్చారు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఇరవయ్యో తారీఖు సోమవారం పదకొండింటికి రిజిస్ట్రార్ ఆఫీసులో. నా వైపు సాక్షి సంతకం నువ్వు పెట్టాలని నా ఆశ. పదిహేడో తారీఖు శుక్రవారంలోగా నీ మాట తెలియకపోతే నీకు ఇష్టం లేదనుకుంటాను. పెళ్లి మాత్రం మానను. నిన్ను ఇబ్బంది పెట్టను."

చదివి ఏడ్చాను. సంతోషంతోనే లెండి. పది నిమిషాల్లో జవాబు రాశాను. "చేసుకో అక్కా. సంతకం నాదే." పంపు అన్నాను. డబ్బా వచ్చింది. ఓకే అన్నాను.

పదిహేనో తారీఖు బుధవారం మా ఎడిటర్ ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, ఈ వారం వ్యాసం ఏదీ? పేజీ ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాం."

"నిన్ననే పంపానండీ."

"ఎవరికి?"

అప్పుడు ఔట్‌బాక్స్ తెరిచి చూశాను. పందొమ్మిది ఉత్తరాలు బుద్ధిగా వరసలో కూర్చుని ఉన్నాయి. పైనుంచి నాలుగోది అక్కకు రాసినది.

వెంటనే ఏం చేశానో తెలుసా? వ్యాసాన్ని ప్రింటు తీసి, చొక్కా మార్చుకుని, సిటీ బస్సెక్కి పేపరాఫీసుకు వెళ్లి ఎడిటర్ చేతిలో పెట్టి వచ్చాను. నా వ్యాసం లేకుండా పేపరు వస్తే పాఠకులు ఏమైపోవాలి?

ఇల్లు చేరగానే మా ఆవిడ అడిగింది.

"వదినగారికి కూడా అలాగే వెళ్లి చెప్పి రావచ్చు కదండీ. నాలుగు గంటలేగా."

"బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్నది బస్సులెక్కి తిరగడానికా? రేపటికి బాగుచేస్తారు."

"పోనీ వాళ్ల పక్కింటికి ఫోన్ చేసి చెప్పమందామా?"

"పెళ్లి మాట పక్కింటివాళ్ల చేత చెప్పిస్తారా ఎవరైనా?"

చూశారా, ఎంత మర్యాదస్తుణ్నో! మర్యాద కాపాడుకుంటూ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. పాతిక నిమిషాలు వేణునాదం వినిపించి, ఆ తర్వాత ఒక అమ్మాయి పలికింది.

"మీకు మెయిల్స్ వస్తున్నాయా సార్?"

"వస్తున్నాయమ్మా. పోవడం లేదు."

"వస్తున్నాయంటే మా వైపు అంతా కరెక్టుగా ఉంది సార్. మెయిల్ అడ్రస్ మాది కాదు కదా. వాళ్లనే అడగండి."

అడిగాను. పాత కంపెనీ మనిషి గొంతులో, వదిలేసి వెళ్లినవాడి మీద ఉండే కోపం స్పష్టంగా వినిపించింది.

"ఇప్పుడు మీరు వాడుతున్నది ఎవరి లైనండీ?"

"కొత్తవాళ్లది."

"మరి మమ్మల్నెందుకు అడుగుతున్నారు?"

రెండు రోజులు వాళ్లిద్దరి మధ్య తిరిగాను. కుర్చీలోంచి లేవకుండానే కాళ్లరిగాయి. తలప్రాణం తోకకొచ్చింది. చివరికి కొత్త కంపెనీ అమ్మాయి జాలిపడి ఒక ఫిర్యాదు నంబరు ఇచ్చింది. ఇచ్చి ఏమందంటే, సమస్య వివరాలన్నీ మెయిల్ చేయండి సార్ అంది. చేశాను. ఔట్‌బాక్స్‌లో ఇరవయ్యో ఉత్తరం అదే.

శుక్రవారం సాయంత్రం కంపెనీ నుంచి నాకొక మెయిల్ వచ్చింది. మీ నుంచి ఏ వివరమూ అందనందున మీ సమస్య తీరిపోయిందని సంతోషిస్తున్నాం అని దాని సారాంశం. అదే సాయంత్రం అక్క పెట్టిన గడువు కూడా ముగిసింది. నా దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే కంపెనీ నేను సంతోషంగా ఉన్నాననుకుంది. అక్క కోపంగా ఉన్నాననుకుంది. నేను మాత్రం ఫోన్ చెవికి పెట్టుకుని వేణునాదం వింటున్నాను.

శనివారం గొంతు పోయేలా అరిస్తే, సోమవారం పది నుంచి పన్నెండు లోపు మెకానిక్‌ను పంపుతామన్నారు. ఇంట్లో మనిషి లేకపోతే ఫిర్యాదు రద్దవుతుందట.

సోమవారం అంటే ఏమిటో నాకు గుర్తులేదనుకోకండి. బాగా గుర్తుంది. అన్నీ ఆలోచించే నిర్ణయం తీసుకున్నాను. గడువు దాటాక ఏ మొహం పెట్టుకుని వెళ్లడం? ముందు మెయిల్ పోవాలి. దాని మీద తొమ్మిదో తారీఖు అని ఉంటుంది. నా తప్పేమీ లేదని రుజువవుతుంది. అప్పుడు దర్జాగా బస్సెక్కుతాను. మా ఆవిడ ఈ వాదనంతా విని వంటింట్లోకి వెళ్లిపోయింది. గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడు చేశాయి.

మెకానిక్ పదకొండు కావస్తుండగా వచ్చాడు. మీసాలాయన, పెద్దమనిషి. బ్రాడ్‌బ్యాండ్ పెట్టెకు ఉన్న లైట్లు లెక్కపెట్టాడు.

"నాలుగూ వెలుగుతున్నాయి సార్. పర్ఫెక్ట్."

"మెయిల్ పోవడం లేదయ్యా."

"అది నా డ్యూటీ కాదు సార్. నాది లైట్ల వరకే. ఇక్కడొక సంతకం పెట్టండి."

పెట్టాను. సేవ తృప్తికరంగా ఉంది అని అచ్చేసిన కాగితం కింద, సోమవారం సరిగ్గా పదకొండు గంటలకు, గుండ్రంగా, స్పష్టంగా నా సంతకం పెట్టాను. అది పెట్టవలసిన కాగితం నాలుగు గంటల దూరంలో ఒక బల్ల మీద ఉంది.

మధ్యాహ్నం అక్క మెయిల్ వచ్చింది. జతగా ఒక ఫోటో. డయలప్‌లో అయితే ముప్పావుగంట పట్టేది. బ్రాడ్‌బ్యాండ్ కదా, రెప్పపాటులో తెర నిండా పరుచుకుంది! అక్క నీలం చీర కట్టుకుని ఉంది. పక్కన కొత్త బావగారు, ప్యాంటు సరైన పొడవులో ఉంది. అక్క వెనకాల ఎవరో బక్కపలచని మనిషి. కింద రెండే ముక్కలు రాసింది. "సాక్షిగా గుండీల దుకాణం ఆయన వచ్చి సంతకం పెట్టారు. నిన్ను తప్పుపట్టను."

నాకు అన్నం సయించలేదు.

మంగళవారం మొదటి బస్సెక్కాను. నా జవాబును ప్రింటు తీసి, పైన తారీఖు స్పష్టంగా కనిపించేలా మడిచి జేబులో పెట్టుకున్నాను. కొత్త బావగారు నెమ్మదైన మనిషి. తలుపు తీసి, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. అక్క మిషన్ మీద నుంచి తల ఎత్తలేదు. కాగితం ఆవిడ ముందు పెట్టాను. చదివింది. తారీఖు కూడా చూసింది. ఈలోగా నేను బావగారికి నా కష్టాలన్నీ ఏకరువు పెట్టాను. కంపెనీలు, ఫిర్యాదు నంబరు, ఆఖరికి వ్యాసం కూడా స్వయంగా మోసుకెళ్లి ఇవ్వాల్సి వచ్చిందని.

బావగారు మర్యాదగా అడిగారు.

"సెట్టింగుల్లో బయటికి పంపే సర్వరు పేరు మార్చారాండీ? అక్కడ పాత కంపెనీ పేరే ఉండిపోతే, కనెక్షన్ వేరేవాళ్లది కాబట్టి వాళ్లు మీ ఉత్తరాలు తీసుకోరు. మా లైబ్రరీలోనూ ఇదే అయింది. ఒక్క లైను మార్చడమే."

ఒక్క లైను! అక్క ఇందాకటి నుంచీ నా పెదాల వైపే చూస్తోంది. ఆవిడకు వినపడదు గానీ పెదాలు చదువుతుంది. మిషన్ ఆపి అడిగింది.

"ఇప్పుడు ఆయనతో ఏమన్నావు? పేపరాఫీసుకి వెళ్లి వ్యాసం ఇచ్చొచ్చావా?"

తల ఊపాను.

"ఎప్పుడు?"

"బుధవారం."

అక్క కాగితం నా చేతికి తిరిగి ఇచ్చేసింది.

"నాకు చెవులు లేక మెయిల్ రాశాను రా. నీకు కాళ్లున్నాయి కదా. ఇది ఆ రోజే అందినా నేను మనిషి కోసమే చూసేదాన్ని."

అంతే. మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. భోజనం పెట్టింది, బస్సుకు వేళవుతోందని కూడా చెప్పింది. అరిచి ఉంటే బాగుండేది.

ఇల్లు చేరి, బావగారు చెప్పిన ఆ ఒక్క లైను మార్చాను. అర నిమిషం పట్టింది. పంపు అన్నాను. డబ్బా రాలేదు. ఇరవై ఉత్తరాలూ రెండు సెకన్లలో పోయాయి. కవి మిత్రుడు నాతో మాట్లాడటం లేదు. కార్యదర్శి నన్ను చూసి మెట్ల మీదుగా వెళుతున్నాడు. అక్కకు రాసినదీ చేరే ఉంటుంది. సంతకం నాదే అని, పెళ్లయిన మర్నాడు.

అందుకే పాఠకులారా, మళ్లీ చెబుతున్నాను, మీ మెయిల్ పోకపోతే దాని జోలికి వెళ్లకండి. అది చెడి ఉన్నన్నాళ్లూ తప్పు కంపెనీలది. వాళ్లను ఎన్ని తిట్టినా ఎవరూ కాదనరు. బాగుపడిన క్షణం నుంచి తప్పు ఎక్కడుందో వెతుక్కోవాలి, వెతికితే ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ కనిపించడం లేదు.

ఇప్పుడు నా కనెక్షన్ దివ్యంగా ఉంది. రోజుకు పదిసార్లు ఇన్‌బాక్స్ తెరుస్తున్నాను. బావమరిది బెదిరింపులు వస్తున్నాయి, కీడు జరిగిపోయిందని వాడికి తెలియదు. కంపెనీ శుభాకాంక్షలు వస్తున్నాయి. అక్క దగ్గర నుంచి మాత్రం ఒక్క ముక్క లేదు. దీనికి ఏ సహాయ కేంద్రానికి ఫోన్ చేయాలో మీకెవరికైనా తెలుసా?