ఆవిరి కాని ఉప్పు

పెద్దతనంలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తులు తప్పితే సర్దుకొని చదవండి. మాట మాటా కూడబలుక్కుని రాస్తాను గనుక కథ కాస్త మెల్లగా నడుస్తుంది.

గోదావరిఖనిలో ఒక కాలేజీ ఉంది. అక్కడి ప్రయోగశాల అటెండరు రాజం ఆ ఉదయం అనుకున్నది ఒక్కటే. బల్లలు తుడిచి, ప్రయోగశాల చూసే జగదీశ్వర్ సారు మంచి మూడ్‌లో ఉన్నప్పుడు వచ్చే ఏడాదికీ తనను ఉంచుకొమ్మని అడగాలి.

ఇంతలో పరిశోధన చేసే హర్షిణి, ఓవెన్‌లో దినాల తరబడి కాగుతున్న చిన్న గిన్నె తీసి తూకం వేసింది.

"రాజమన్నా, ఇది తగ్గిందే."

"ఒలికిందా బిడ్డా?"

"లేదన్నా. చూస్తె నూనెలెక్కుంటది గని ఇది ఉప్పు. ఎంత కాగినా ఆవిరి కాదంటరు."

సారు వచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు. "మాడలేదు. ఆవిరి కాదు. మరెటు పోయింది? ఓవెన్ తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

తాళంచెవి రాజం మొలతాడుకే ఉంది. ఉద్యోగం అడగడానికి వచ్చినవాడు దొంగయి నిలబడ్డాడు. ఆ ఉప్పు ఎత్తుకెళ్లి ఏం చేసుకుంటారో మాత్రం అతనికి అంతుపట్టలేదు.

సారు వాచ్‌మన్ లింగమూర్తిని పిలిచాడు. ఆయన బొగ్గు బాయి గేటు దగ్గర, లోపలికి దిగే కార్మికుల జేబుల్లో బీడీలు, అగ్గిపెట్టెలు వెతికి రిటైరైన మనిషి. తూకం తగ్గిందంటే ఎవరిదో చెయ్యి పడ్డట్టేనని ఆయన లెక్క.

"చేతులు లేపు తమ్మీ."

జేబులు అయ్యాక టిఫిన్‌లోని చిన్న డబ్బా తెరిచాడు. "ఇదేంది, చిక్కగ మెరుస్తున్నది?"

"మామిడికాయ తొక్కు నూనెనే."

"గదేందో సారు చెప్పాలె."

డబ్బా సారు బల్లెక్కింది. దాని పక్కనే గుమస్తా తలనూనె సీసా, ఊడ్చే పూలమ్మ మోకాళ్ల తైలం చేరాయి. ఏది ఉప్పో ఏది తైలమో సారుకూ తేలలేదు. రాజం వట్టి అన్నం తిన్నాడు.

లింగమూర్తి కొత్త తాళం వేసి, చెవి తన జేబులో పెట్టుకొని, ఓవెన్ ముందే స్టూలు వేసుకున్నాడు. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. రెండు రోజుల తర్వాత తానే తాళం తీశాడు. హర్షిణి తూచింది. ఇంకా తగ్గింది.

అందరూ లింగమూర్తినే చూశారు. రాజం గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, చేతులు లేపు."

ఆయన లేపాడు. జేబులో బీడీకట్ట, అగ్గిపెట్టె దొరికాయి. ఉప్పు దొరకలేదు.

హర్షిణి ఓవెన్‌లోకి వంగి చూసింది. తలుపు అద్దం లోపలివైపు, వేడి తక్కువగా ఉన్న చోట, జిడ్డు చుక్కలు వరసగా పట్టి ఉన్నాయి. వాటిని గీరి తీసుకెళ్లి పరీక్షించి వచ్చింది.

"ఇదే సార్ మన ఉప్పు. మాడే వేడి ఎంతో చూసి, అందాక వాడొచ్చనుకున్నం. మాడకముందే మెల్లమెల్లగ ఎగిరిపోతున్నది. జరసేపైతే తెల్వది, దినాలకు దినాలుంచితె గిన్నె ఖాళీ. ఇంకా తక్కువ వేడిలనే వాడాలె."

"అయితే ఆవిరయితదన్నట్టు," అన్నాడు సారు, తొక్కు డబ్బా మెల్లగా రాజం వైపు జరుపుతూ.

వచ్చే ఏడాదికీ రాజంను ఉంచుకున్నారు. ఓవెన్ అద్దం తుడిచే పని కూడా అతనికే అప్పజెప్పారు. తుడిచిన గుడ్డను మాత్రం లింగమూర్తి రోజూ సోదా చేస్తున్నాడు.

— సారవ్వ, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పుడు ఉండేది నస్పూర్