చైర్మన్ గారి గంజు

ఫలక్‌నుమా స్టేషన్ వెనక బస్తీలో ఏటా జరిగే బగారా అన్నం పోటీని ప్రపంచ స్థాయికి తీసుకెళ్తున్నట్టు వంటల వారసత్వ మండలి చైర్మన్ గారు ప్రకటించారు. అంతేకాదు, పోటీలో స్వయంగా తానూ వండుతానన్నారు. ఆ మాటకు వార్డు కార్యకర్త ప్రేమ్‌రాజ్ ఒళ్లు పులకరించింది. పదవి అడగడానికి ఇంతకన్నా మంచి సందర్భం రాదు.

అతని భార్య రాహేలు ధ్యాస మాత్రం గుండిగ మీద ఉంది. గెలిచినవాళ్ల ఇంట్లో బస్తీ పెద్ద గుండిగ ఏడాదిపాటు ఉంటుంది. అది ఎవరింట్లో ఉంటే పెళ్లి వంటలూ చావు వంటలూ వాళ్లవే. ప్రేమ్‌రాజ్ ప్రజాసేవలోకి దిగినప్పటినుంచి ఇల్లు ఆమె గరిటె మీదే నడుస్తోంది.

తీర్పు చెప్పేది ముసలి వరమ్మ. ఆమె ఏదీ రుచి చూడదు. నాలుకకు మొహమాటం ఉంటుందని ఆమె నమ్మకం. బస్తీ అంతా తిన్నాక వండిన గిన్నెలను, అంటే గంజులను, బోర్లిస్తుంది. మెతుకు రాలని గంజు గెలిచినట్టు.

పోటీ రోజు చైర్మన్ గారి కంటే ముందు సెక్యూరిటీ వచ్చింది. వీఐపీ దగ్గర మంట ఉండకూడదని ఆయన పొయ్యి ఆర్పేసింది. పరీక్ష చేయని సరుకు ఉండకూడదని బియ్యం, మసాలాలు వ్యాన్‌లో పెట్టి తాళం వేసింది. తర్వాత చైర్మన్ గారు వచ్చి, ఏప్రన్ కట్టుకుని, శ్రద్ధగా గరిటె తిప్పారు.

"సార్, లోపల ఏం లేదు" అన్నాడు ప్రేమ్‌రాజ్ ఆయన చెవిలో.

"ఫోటోలో లోపల కనబడదయ్యా."

ఆ జవాబులోని లోతుకు ప్రేమ్‌రాజ్ చలించిపోయాడు. ఒకసారి తనలోకి తాను తొంగి చూసుకున్నాడు. ధైర్యం వచ్చింది.

భోజనాల వేళ జనమంతా రాహేలు గంజు చుట్టూ మూగారు. "అక్కా, అడుగుది జర్ర గీకి పెట్టు" అంటూ కిరాణా సోమయ్య మళ్లీ ప్లేటు చాపాడు. ప్రేమ్‌రాజ్ కూడా కడుపునిండా తిన్నాడు.

వరమ్మ గంజులు బోర్లించడం మొదలుపెట్టింది. కొన్నింట్లోంచి పిడికెళ్లకొద్దీ అన్నం పడింది. రాహేలు గంజులోంచి ఒకే ఒక్క మెతుకు రాలింది. చివరికి చైర్మన్ గారి గంజు బోర్లించింది. తట్టింది. చెయ్యి పెట్టి తడిమింది. ఏమీ లేదు.

"గిదే గెలిచింది."

"ఏందవ్వా! గా గంజుల ఏం వండనే లేదు గదా!" అంది రాహేలు.

"వండిన్రా లేదా అని నేను ఏనాడు అడగలే బిడ్డా. మెతుకు రాలిందా లేదా, గంతే."

ఒక్క మెతుకూ మిగల్చని ప్రజల అభిమానానికి చైర్మన్ గారి కళ్లు చెమర్చాయి. "ఎట్లుంది నా వంట?" అని అడిగారు.

సోమయ్య దుకాణం రోడ్డు వెడల్పులో పోయేలా ఉంది. అతను చేతులు కట్టుకున్నాడు. "మస్తుంది సార్. ఉప్పే జర్ర తక్కువైంది."

"కమిటీ వేద్దాం. నువ్వేమంటావు ప్రేమ్‌రాజ్?"

ప్రేమ్‌రాజ్ వేళ్లకు ఇంకా రాహేలు వంట వాసన అంటుకునే ఉంది. ఆమె అతన్నే చూస్తోంది. చేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

"జిందగీల గిట్లాంటిది తినలే సార్."

అక్కడికక్కడే అతన్ని బస్తీ కన్వీనర్‌గా ప్రకటించారు. గుండిగ చైర్మన్ గారి కాన్వాయ్‌లో వెళ్లిపోయింది.

ప్రేమ్‌రాజ్ మెడలో దండతో రాత్రిదాకా ఊరేగి, ఆకలితో ఇంటికొచ్చాడు. రాహేలు ప్లేటు పెట్టింది. కడిగి ఆరబెట్టిన గంజు దగ్గరికి జరుపుకుని, గరిటె ముంచి, నిదానంగా ప్లేటులో వంపింది.

"తిను. సారు వండిందే. నీకోసం దాచిన."

ప్రేమ్‌రాజ్ ఖాళీ ప్లేటును దగ్గరికి లాక్కున్నాడు. ఆమె మళ్లీ గరిటె ముంచబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు" అన్నాడు.