ఉదయ్ భాస్కర్ గారి సమర్థ పాలన

పెరుగుతున్న ఊళ్లను మనుషులు చూసుకునే కాలం పోయింది. ఇక మేనేజర్లే చూసుకుంటారు. మెట్టుగూడ వెనక మా కాలనీల సమాఖ్య ఈ సత్యాన్ని అందరికన్నా ముందు గ్రహించి, ఉదయ్ భాస్కర్ అనే వృత్తి నిపుణుణ్ణి నగర మేనేజరుగా నియమించింది. (అంతకుముందు ఆయన ఒక బిస్కెట్ల కంపెనీ నడిపారు. అక్కడ ఒక్క బిస్కెట్టూ ఫిర్యాదు చేయలేదట.)

ఆయన వచ్చిన వారానికే టైలర్ హజీరా దుకాణం ముందు మ్యాన్‌హోల్ మూత పోయింది. ఆమె ఆఫీసుకు వెళ్లింది.

“సార్, బడిపిల్లలు గా బాటల్నే పోతరు. జెర జల్ది మూత ఏయించుండ్రి.”

“మేడమ్, మూత మూడో దశ. ముందు సర్వే, తర్వాత విజన్ డాక్యుమెంట్.”

“గప్పటిదాంక ఎవరన్న పడితే?”

“అది డేటా అవుతుంది,” అన్నారాయన ఎంతో ఓపికగా.

మూడో రోజు ఆమె ఫోనుకు సందేశం వచ్చింది: మీ ఫిర్యాదు మూసివేయబడినది. (డెబ్బై రెండు గంటల్లో ఏదో ఒకటి మూయాలని నియమం.)

హజీరా తన పాత కటింగ్ బల్లను ఈడ్చుకొచ్చి గుంత మీద వేసింది. నలభై నిమిషాల్లో నోటీసు అందింది: ప్రజా ఆస్తిపై ఆక్రమణ. వెనకే సూపర్‌వైజర్ రోనాల్డ్ నలుగురు మనుషులతో, ట్రాలీ ఆటోతో దిగాడు. ఆమె బల్లెక్కి కూర్చుంది.

“మూత తెచ్చినంక బల్ల తీస్కపోండ్రి!”

రోనాల్డ్ కాగితం రెండు వైపులా తిప్పి చూశాడు. “మాకిచ్చిన ఆర్డర్ల గుంత లేదక్కా. ఒట్టి బల్లనే ఉంది.”

చివరికి ఆమె దిగక తప్పలేదు. బల్ల వెళ్లిపోయింది. అతను మాత్రం పోతూపోతూ ఒక కర్రకు ఎర్ర గుడ్డ కట్టి అక్కడ పాతాడు. (అనుమతి లేని ప్రకటన కింద సాయంత్రమే దాన్ని పీకేశారు.)

మర్నాడు పొద్దున్నే పాల ప్యాకెట్‌తో వస్తున్న జోగారావు ఆ గుంతలో పడ్డారు. ముప్పై అయిదేళ్లు రైల్వే గార్డుగా చేసి, ఒక్క ప్రయాణికుడికీ దెబ్బ తగలనివ్వని మనిషి. హజీరా దుకాణంలోంచి ఒక చీర లాగి అందించి, మరో ఇద్దరి సాయంతో పైకి తీసింది. కాలు విరిగింది. ఆ రోజు హజీరా మిషన్ మీద ఒక్క కుట్టూ సూటిగా పడలేదు.

ఫిర్యాదుదారు స్వయంగా ఆఫీసు మూడో అంతస్తుకు రావాలన్నది నియమం. లిఫ్టు రెండో దశలో ఉంది. కట్టుతో ఉన్న జోగారావు రాలేకపోయారు.

నెలాఖరు నివేదికలో, నోరు మెదపని పౌరుల వరసలో, ‘పూర్తి సంతృప్తి’ అన్న గడిలో ఆయన పేరు నమోదైంది.